బాక్సుల్లేని పాట

నవంబర్ 11, సోమవారం

కార్తీకమాసం పెళ్లి బుకింగులన్నీ నవీన్‌కి అప్పజెప్పాను. "బాక్సులు నాను సూసుకుంతాను బావా, నువ్వు అక్కనీ పసిగుంటనీ సూసుకో" అన్నాడు. అరుణ తమ్ముడు వాడు. వ్యాను తాళాలు ఇస్తుంటే నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

ఈ డైరీలో ఇన్నాళ్లూ ఏ ఊరు, ఏ తేదీ, ఎన్ని సౌండు బాక్సులు అన్నవే రాసేవాడిని. ఇప్పుడు పేజీలు ఖాళీ. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏం చెయ్యాలో తోచక రాస్తున్నాను.

పాప శనివారం పుట్టింది. ఏడో నెలలోనే. అరుణకి బీపీ పెరిగి ఫిట్సు వచ్చాయి, ఆపరేషన్ చేసి తీశారు. పాపని ఇక్కడ శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డుకి మార్చారు. అరుణ బజారు దగ్గర నర్సింగ్ హోంలోనే ఉంది. రెండింటి మధ్యా నేను తిరుగుతున్నాను.

అద్దంలోంచి చూశాను. కేజీకి కాస్త పైన ఉందట. ముక్కులో గొట్టం. కాలికి కట్టిన చీటీ మీద 'అరుణశ్రీ బేబీ' అని ఉంది. ఆ చీటీ కాలికంటే పెద్దదిగా కనిపించింది.

నవంబర్ 13

అరుణకి తెలివి వచ్చింది. "ఏడిసిందా?" అని అడిగింది మొదట.

ఏడ్చిందన్నాను. నేను వినలేదు.

నవంబర్ 15

అరుణ కుట్ల దగ్గర చీము పట్టింది, జ్వరం. అది తగ్గేదాకా పసిపిల్లల వార్డులోకి రానివ్వరు. పాలు మాత్రం ఇవ్వొచ్చన్నారు. అరుణ పక్క మీద కూర్చుని పళ్లు బిగించి పాలు తీస్తుంది. నేను ఐసు పెట్టిన ఫ్లాస్కులో తీసుకెళ్తాను. సన్నటి గొట్టంలోంచి పాప కడుపులోకి వెళ్తాయి.

డాక్టరుగారిని అడిగాను. మా ఇల్లు మేడ మీద, షాపు కింద, నరసన్నపేటలో. రోజూ కింద బాక్సులు టెస్టింగ్ చేసేవాడిని, దానివల్ల ఏమైనా అయిందా అని. కాదన్నారు, బీపీ వల్లే అన్నారు. బయటికొచ్చేశాక మళ్లీ లోపలికెళ్లి అడిగాను. మళ్లీ కాదన్నారు.

నవంబర్ 18

ఇవాళ పాపని ఎత్తుకున్నాను.

ఎత్తుకోవడం అంటే మామూలుగా కాదు. రాజకుమారి సిస్టర్ పిలిచి చేతులు కడిగించి, చొక్కా విప్పించి, వాలుకుర్చీలో కూర్చోబెట్టింది. "తల్లి రానేదు కదా, నువ్వే కూకో. సర్మం సర్మానికి తగిలితే పిల్లకి ఎచ్చగుంతాది" అంది. గొట్టాలతో సహా పాపని తెచ్చి నా ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి పైన గుడ్డ కట్టింది. ఊపిరి తీసుకోవడానికి భయం వేసింది. నా గుండె ఎగిరినప్పుడల్లా పాప కూడా ఎగురుతోంది.

"అలగ కొయ్యలాగ కూకోకు. మాటాడు."

"ఏటి మాటాడాలి సిస్టర్?"

"ఏదో ఒకటి. నేకపోతే పాడు."

నాకు పాట రాదన్నాను. నీ పనేమిటని అడిగితే సౌండ్ సర్వీసు అన్నాను. ఆవిడ నవ్వింది. "ఊరంతా పాటలు మోగిస్తావు, నీకు పాట రాదేటి?"

రాదు. చిన్నప్పుడు బడిలో ప్రార్థన చెప్పేటప్పుడు మాస్టారు నన్ను పెదాలు మాత్రం కదపమనేవారు. ఆ తర్వాత ఎక్కడా గొంతెత్తలేదు. మైకు పట్టుకుంటే హలో, చెక్, అంతే.

సరే, రోజూ వేసే సినిమా పాట ఒకటి మొదలుపెట్టాను. రెండో లైను రాలేదు. ఇంకోటి. అదీ అంతే. వెయ్యిసార్లు వేసిన పాటల్లో ఒక్కటీ నాకు పూర్తిగా తెలియదు. ఇక ఏం చెయ్యను? "ఓలే గుంటా, ఓలే బుల్లీ" అన్నాను. అదే మళ్లీ అన్నాను. తర్వాత మాటలు లేక ఊరికే ఊ ఊ అంటూ పోయాను. ఎక్కడికి పోతోందో నాకే తెలియదు.

"గొంతు తగ్గించు. పిల్లలు బెదిరిపోతారు" అంది సిస్టర్. గుసగుసకి కాస్త పైన, అంతే ఉండాలట.

తెర మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి గుండెది, ఒకటి ఆక్సిజన్‌ది. వచ్చినప్పుడు గుండెది ఎగిరెగిరి పడుతోంది. నేను అంటూ ఉండగా అది దిగి ఒకచోట నిలబడింది. రెండోది పైకి జరిగింది. మిషను కూత ఆగింది.

"సూసినావా?" అంది సిస్టర్.

చూశాను. నా మిక్సర్ మీద ముల్లు ఎర్రగీత దాకా పోతేనే పాట బాగున్నట్టు లెక్క. గొంతు తగ్గిస్తే ముల్లు సర్దుకోవడం ఇన్నేళ్లలో ఇదే చూడటం.

నవంబర్ 20

కడుపులో ఉన్నప్పుడే పిల్లలు తల్లి గొంతు వింటారట. సిస్టర్ చెప్పింది. అరుణకి సంతోషంగా ఉంటుందని పరుగున వెళ్లి చెప్పాను.

"నానేటి పాడినాను బావా? నిన్ను తిట్టినాను. సీరియల్ సూసినాను" అంది.

"అయితే అదే వినుంతాది. నన్ను సూడగానే మూతి ముడుస్తంది."

కుట్ల మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. ఈ పది రోజుల్లో అదే మొదటిసారి. తర్వాత, "నువ్వు పాడతన్నావంటే నమ్మబుద్ధవడం నేదు. ఏదీ, ఒక్కసారి పాడు" అంది.

పక్క మంచం వాళ్లు ఉన్నారు, వాళ్ల చుట్టాలు ఉన్నారు. ఇంటికెళ్లాక పాడతానన్నాను. అరుణ గోడవైపు తిరిగింది.

నవంబర్ 22

పాప కళ్లు తెరిచింది. నల్లగా, తడిగా. నన్ను చూసిందని అనను. ఎటో చూసింది.

పాట అంటే ఏమిటి అని ఆలోచిస్తున్నాను. నవ్వొస్తోంది, పదిహేనేళ్లుగా దాంతోనే బతుకుతున్నాను. బారసాలకి ఇన్ని బాక్సులు, పెళ్లికి ఇన్ని, అమ్మవారి పండగకి ఇన్ని. చావుకి కూడా ఈమధ్య అడుగుతున్నారు. జనం గుండెలు అదరాలి, కిటికీ రెక్కలు కొట్టుకోవాలి, అప్పుడే ఎల్లాజీ సౌండ్స్ అంటారు. నేను వ్యాను పక్కన కుర్చీ వేసుకుని చెవుల్లో దూది పెట్టుకునేవాడిని. ఎందుకు వాళ్లు అంతలా ఊగిపోతారో ఎప్పుడూ అనుకోలేదు. నాకు అది సరుకు.

పాపకి మాట తెలియదు. నేనెవరో తెలియదు. నాన్న అన్నా ఆస్పత్రి అన్నా ఒకటే. ఇంత సన్నటి గొంతు మాత్రం లోపలికి వెళ్తోంది. ఇంకేదీ వెళ్లని చోటికి వెళ్తోంది. నేను చెప్పదలుచుకున్నవన్నీ, నీ పేరు ఇంకా పెట్టలేదు, మీ అమ్మకి జ్వరం తగ్గుతోంది, భయపడకు అన్నవన్నీ, మాటల్లో చెబితే ఏం లాభం? ఊ ఊ అంటే వింటోంది.

రేపు కొంచెం పొద్దున్నే వెళ్లాలి.

నవంబర్ 25

పాప కడుపు ఉబ్బింది. పాలు ఆపేశారు. పేగుకి ఏదో పట్టిందట, ఇంత చిన్నపిల్లలకి వస్తుందట. గుండె మీద పడుకోబెట్టడం ఇప్పుడు కుదరదన్నారు.

తగ్గిపోతుంది. వేరే పిల్లకి తగ్గిందని సిస్టర్ చెప్పింది.

నవంబర్ 26

అరుణ పాలు ఇచ్చింది. ఫ్లాస్కులో పెట్టుకుని వచ్చాను. వార్డు బయట సింకులో పోశాను. సీసా కడిగి పట్టుకెళ్లాను. "తాగిందా?" అంది. తాగిందన్నాను.

నవంబర్ 27

మళ్లీ పోశాను.

గాజుపెట్టెకి పక్కన చెయ్యి దూరేంత కిటికీ ఉంటుంది. దానికి నోరు ఆనించి పాడాను. సిస్టర్ వద్దనలేదు. అంకెలవైపు చూడలేదు నేను.

నవంబర్ 28

పాప పోయింది. అరుణని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఇప్పుడు రానిచ్చారు. తెల్లగుడ్డలో చుట్టి ఒడిలో పెట్టారు. అరుణ ఏడవలేదు. వేలితో కనుబొమలు తడిమి చూసింది. తర్వాత నావైపు తలెత్తి, "పాడు బావా" అంది.

నోరు తెరిచాను. రాలేదు.

నవంబర్ 29

మా కళ్లం పక్కన పూడ్చాము. నేనూ నవీనూ అమ్మా.

డిసెంబర్ 5

అరుణని ఇంటికి తీసుకొచ్చాము. షాపు షట్టరు దించే ఉంచమంది అమ్మ. టెస్టింగ్ ఏమైనా ఉంటే నవీన్ ఊరవతల చేస్తున్నాడు. వీధిలో వాళ్లు కూడా టీవీ తగ్గించారు.

అరుణకి పాలు ఆగడం లేదు. అమ్మ పాత చీర చింపి గట్టిగా కట్టింది. "రెండ్రోల్లు ఓర్సుకో తల్లీ, ఆగిపోతాది" అంది. గదిలో తలుపేసుకుని కట్టేటప్పుడు అత్తా కోడళ్లు ఇద్దరి ఏడుపూ వినిపించింది. నేను డాబా మీదికి వెళ్లాను.

డిసెంబర్ 8

"ఏటి పాడినావు దానికి?" అని అడిగింది అరుణ. అన్నం తింటున్నాం.

"మర్సిపోనాను" అన్నాను.

నిజంగానే మర్చిపోయాను. అదేం పాట కాదు కదా గుర్తుండటానికి.

డిసెంబర్ 14

నవీన్‌కి రాజాంలో వేరే పని పడింది. పాలకొండ రోడ్డులో ఒక ఊరు, మూడో నెల బారసాల, రెండు నెలల కిందట నేనే ఒప్పుకున్నది. వెళ్లకపోతే మాట పోతుంది. వెళ్లాను.

బాక్సులు దించాను, వైర్లు లాగాను, పాటలు పెట్టాను. బాగానే ఉన్నాను. ఉయ్యాల్లో పిల్లని వేసే వేళకి పెద్దామె ఒకావిడ వచ్చి, "కాసేపు ఆపీ బాబూ, మేం పాడతాం" అంది. ఆపేశాను. జనరేటరు కూడా ఆపేశాను.

ఆడవాళ్లు ఉయ్యాల చుట్టూ చేరారు. ఒకావిడకి గొంతే లేదు, గాలి వస్తోంది అంతే. ఒకావిడ శ్రుతికి అడ్డంగా పోతోంది. ఎవరికి వాళ్లే మొదలుపెట్టారు, నాలుగో లైనుకి అందరూ ఒకచోటికి వచ్చారు. వీధిలో కుర్రాళ్లు ఫోన్లు దించారు. నా బాక్సులు వేసినంతసేపూ పుల్లలా బిగుసుకున్న ఆ పిల్ల తల్లి అప్పుడు భుజాలు వదిలింది.

అప్పుడు తెలిసింది, వీళ్లెవరికీ నా బాక్సులు అక్కర్లేదని. సందడికి పిలుస్తారు. పిల్లని ఉయ్యాల్లో వెయ్యాలంటే మాత్రం నోళ్లు కావాలి.

వ్యాను వెనక్కి వెళ్లి కూర్చున్నాను. ఎవరూ రాలేదు, మంచిదైంది.

డిసెంబర్ 16

"ఏటిరా ఆ కూనిరాగం? రెండ్రోల్ల నించీ అదే" అంది అమ్మ.

నేనేమీ పాడలేదు. అమ్మకి ఈమధ్య చెవులు సరిగ్గా పనిచెయ్యడం లేదు.

జనవరి 3

ధనుర్మాసం, పెళ్లిళ్లు లేవు. కేబుళ్లు విప్పి తుడిచి మళ్లీ చుట్టి పెడుతున్నాము. "బావా, సుట్టినప్పుడల్లా ఏటో అంతన్నావు" అన్నాడు నవీన్. నీ పని చూసుకో అన్నాను. గట్టిగానే అన్నాను. వాడు బయటికి వెళ్లిపోయాడు.

జనవరి 20

అరుణకీ నాకూ గొడవ అయింది. పెళ్లైన ఇన్నేళ్లలో ఇలాంటిది లేదు.

కూరలో ఉప్పు దగ్గర మొదలైంది. ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది.

"గుంట ఎలగుండీదని ఎంతమంది అడిగినారో తెలుసా నన్ను?" అంది. "నానేటి సెప్పాలి? నాకు తెల్దు. తొమ్మిది నెలలు కూడా మొయ్యనేదు. ఎత్తుకోనేదు. ఏడుపు విననేదు. అంతా నీ దగ్గరే ఉన్నాది. పెట్టిలో పెట్టి తాళం ఎట్టీసినావు."

"నా దగ్గరేటుంది అరుణా?"

"పాలు ఆపీసినారని నవీన్ గాడు సెప్పినాడు నాకు, ఆ రోజే. నువ్వు పారబోస్తన్నావని తెలుసు. అయినా పిండినాను. నీకు మొయ్యడానికి ఏదో ఒకటి ఉండాలని పిండినాను."

ఇది నాకు తెలియదు.

జనవరి 21

ఎందుకు పాడలేకపోతున్నానో అడిగితే ఏం చెప్పాలి? ఆ పాట పాప వినడానికి తప్ప ఇంకెందుకూ పుట్టలేదు. వినేవాళ్లు లేరు. పైకి అంటే గాలిలో కలిసిపోతుంది, తర్వాత నా దగ్గర ఏమీ ఉండదు.

మర్చిపోలేదు. మర్చిపోయానని రాసింది అబద్ధం. ఎవరు చదువుతారని రాశానో.

ఫిబ్రవరి 9, ఆదివారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక షాపులో ఉన్నాను. షట్టరు సగం ఎత్తి బాక్సుల మీద టార్పాలిన్ తీస్తున్నాను. మాఘమాసం మొదలైంది, బుకింగులు వస్తున్నాయి. అరుణ మెట్లు దిగి వచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చాక కిందికి దిగడం ఇదే మొదలు. ఒక బాక్సు మీద కూర్చుంది.

"ఇప్పుడు పాడు" అంది.

"మర్సిపోనేదు నాను. అబద్ధమాడినాను."

"తెలుసు. నువ్వు తానం సేసినప్పుడల్లా తలుపవతల నిల్సుని వింతన్నాను. నీల్ల సప్పుడులో సగం పోతంది."

రెండు నెలలుగా తలుపవతల నిలబడి విందట.

"అది పాపది అరుణా. పైకి పాడితే పాప దగ్గిర్నించి లాక్కున్నట్టుంతాది" అన్నాను.

"దాని దగ్గిర్నించి కాదు. నీ దగ్గిర్నించి ఇయ్యి. నా దగ్గర పాలుండీవి, అవీ ఎండిపోనాయి. ఆ పాటైనా ఇయ్యి బావా."

వెళ్లి షట్టరు దించాను. బల్బు వేశాను. అరుణకి ఎదురుగా ఇంకో బాక్సు మీద కూర్చున్నాను. ఎంత చిన్నగా పాడాలో అంత చిన్నగానే పాడాను. ఓలే గుంటా, ఓలే బుల్లీ. గొంతు రెండుచోట్ల జీరపోయింది. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. అరుణ ముందుకి వంగి నా నోరు చూస్తూ విన్నది.

"కళ్లు ఎక్కడ తెరిసీది?"

"ఇక్కడ." ఆ ముక్క మళ్లీ పాడాను.

"సెయ్యి?"

"రాగం ఇలగ పైకి ఎల్లినప్పుడు వేళ్లు విప్పీది. ఇదిగో, ఇక్కడ పట్టుకునీది." ఛాతీ మీద చోటు చూపించాను. అరుణ లేచి వచ్చి అక్కడ చెయ్యి పెట్టింది. పెట్టి, ఆ ముక్క మళ్లీ పాడమంది. పాడాను. ఇంకోసారి అంది.

అలా ముక్క ముక్కా అడిగింది. ఇక్కడ మూతి తిప్పేది. ఇక్కడ మిషను కూత ఆగేది. ఇక్కడ నాకు భయం పోయేది. చెబుతూ పాడుతూ ఉంటే పాప ఎలా ఉండేదో అంతా దాంట్లోనే ఉంది. నాకు కూడా తెలియదు అంత ఉందని.

"తర్వాత?" అంది.

"తర్వాత నేదు. అక్కడికొచ్చేసరికి పడుకునీసీది."

అరుణ చెయ్యి తీసి వెళ్లి తన బాక్సు మీద కూర్చుంది. తర్వాత తను మొదలుపెట్టింది. తన గొంతు బాగుంటుంది. నేను ఒకరకంగా పాడితే తన నోట్లో ఇంకోరకంగా ఉంది. ఒకటి రెండుచోట్ల తప్పు పోయింది. ఆ చివరి చోటికి వచ్చింది. ఆగింది. కళ్లనిండా నీళ్లు. ఇక ఆపేస్తుందనుకున్నాను. ఆపలేదు. అక్కడినుంచి మెల్లగా కిందికి దిగింది, ఒకటి, ఇంకొకటి. దిగి ఒకచోట సర్దుకుంది, దుప్పటి కప్పి పక్కన ఒరిగినట్టు.

"ఈ ముక్క నాది" అంది. అని, అప్పుడు ఏడ్చింది. పాప పోయిన తర్వాత నా ఎదుట ఏడవడం అదే మొదలు. పట్టుకున్నాను. ఇద్దరం చాలాసేపు అలాగే ఉన్నాము.

ఫిబ్రవరి 16

శ్రీకూర్మంలో పెళ్లి. పెళ్లివారు వెళ్లిపోయాక కేబుళ్లు చుడుతుంటే పాడుకున్నాను. ఇప్పుడు దాచుకోవడం లేదు. నవీన్ వింటూనే తన కేబులు చుట్టుకున్నాడు.

పాప పడుకునే చోటికి వచ్చాను. అక్కడ ఆగుదామనుకున్నాను. ఆగలేదు. అరుణ ముక్క దానంతట అదే వచ్చేసింది. మళ్లీ మొదటినుంచి పాడాను, ఈసారి జాగ్రత్తగా. మళ్లీ వచ్చేసింది.

నేను పాపకి పాడినట్టు పాడటం ఇక నాకు రాదు.